చింతపండుతో తోమిన గిన్నెలు

ఉగాదికి ముందు శుక్రవారం, పొద్దున తొమ్మిదింబావు. బాగేపల్లి బస్సు అప్పుడే మా వాకిలి ముందర హారన్ కొట్టుకుంటా పోయింది, కాబట్టి టైము విషయంలో నాతో ఎవరూ వాదన పెట్టుకోవద్దు. ఆ గడియలో మిషను మూత మీద నా పెండ్లాం చెయ్యి ఉండింది. రోజూ అయితే అక్కడ ఉండేది మా కోడలి చెయ్యి. అసలు ఎవరి చెయ్యీ ఉండకూడదు. జరిగింది ముందే చెప్పేసినాడే అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. దాచిపెట్టి చెప్పడం నాకు రాదు.

మేము బట్లహళ్ళి దగ్గర టమోటా పెట్టి బతికినోళ్ళం. నా మోకాళ్ళు పోయినాక కొడుకు మమ్మల్ని చింతామణికి పిలుచుకొచ్చినాడు. వాడు టమోటా మార్కెట్లో లారీలకు లోడు మాట్లాడే పని చేస్తాడు. కోడలిది బాగేపల్లి పక్క పరగోడు. రక్త పరీక్షల చదువు చదివి, మా ఇంటి ముందు గదిలోనే ఒక చిన్న ల్యాబు పెట్టుకుంది. బయట అరుగు మీద నేను కూర్చుంటా. వచ్చినోళ్ళ పేరు చీటీ మీద రాసి ట్యూబుకు అంటించేది నా పని. అరవై దాటినాక నేర్చుకున్న అక్షరాలు అవి. ముందు కన్నడ, తర్వాత తెలుగు, రెండూ కోడలే నేర్పించింది. మొదట్లో నా రాత చూసి, "మామా, ఇది పేరా, తొండ పాకిన జాడా?" అనేది. ఇప్పుడు అనదు.

ఆ గదిలో మూల బల్ల మీద ఉండేది ఆ మిషను. సెంట్రిఫ్యూజ్ అంటారు. చిక్కబళ్ళాపురంలో మూసేసిన ఒక క్లినిక్కు సామాన్లలో దొరికింది, పాతది. పెద్ద కుక్కర్లు రెండు కలిపి పెట్టినంత ఉంటుంది. లోపల నడిమధ్య ఒక చక్రం, దానికి నాలుగు పక్కలా వేలాడే నాలుగు గిన్నెలు. బకెట్లు అంటుంది కోడలు. మాకు అవి గిన్నెలే, లోటా మాదిరి చిన్న గిన్నెలు. నెత్తురు ఉండే ట్యూబుల్ని వాటిలో దించి, మూత వేసి తిప్పితే, గిన్నెలు పైకి లేచి పడుకుని గిరగిర తిరుగుతాయి. ఎర్రది అడుక్కు పోతుంది. పైన మజ్జిగ తేట లాగా పసుపు నీళ్ళు నిలుస్తాయి. సుగరు, కామెర్లు, ఇంకా ఏమేమో, అన్నీ ఆ తేటలోనే కనపడేది. కవ్వం లేకుండా చిలకడం అనుకోండి.

కోడలు దాన్ని చూసుకునే తీరు నేను రోజూ అరుగు మీద నుంచి చూసేవాణ్ణి. పొద్దున్నే మూత తీసి, నాలుగు గిన్నెలూ ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి తిప్పి చూసేది. అడుగున ఉండే రబ్బరు మెత్తలు తీసి, చీలినాయేమో చూసి, మెత్తని బట్టతో తడి లేకుండా తుడిచి పెట్టేది. ట్యూబులు ఎప్పుడూ ఎదురెదురుగా, సమానమైన బరువుతో. కావిడి మోసినోడికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒక ట్యూబే ఉంటే, ఎదురు గిన్నెలో అంతే నీళ్ళు పోసిన ఇంకో ట్యూబు. తిరగడం మొదలైనప్పుడు మాత్రం అరచెయ్యి మూత మీద ఆనించి నిలబడేది. పాత మిషను గదా, అదురు వస్తాందేమో చేత్తో తెలుసుకునేది. వేగం కుదిరిందంటే చెయ్యి తీసి పక్కకు వచ్చేసేది.

"చెయ్యి పెట్టకూడదు మామా, చదువులో అట్లా చెప్పలేదు," అని నవ్వేది. "కానీ ఈ ముసల్దానికి నాడి చూడక తప్పదు."

ఆయుధ పూజ వచ్చింది. కోడలు అమ్మగారింటికి పరగోడు పోయింది, నాలుగు దినాలు ల్యాబుకు రజా, అంటే సెలవు. ఇంట్లో మా ఆయమ్మ, అదే నా పెండ్లాం, ఆమెదే రాజ్యం. ఆయుధ పూజ అంటే ఈ పక్క ఎట్లా ఉంటుందో తెలిసిందే. కొడవలి, పార, మందు కొట్టే డబ్బా, కొడుకు బైకు, కుట్టు మిషను, మిక్సీ, అన్నీ కడిగి విభూతి పట్టెలు పెట్టాల్సిందే. ఇత్తడి, రాగి ఉంటే చింతపండు, ఉప్పు వేసి తోమాల. మా ఆయమ్మ తోమితే చెంబులో ముఖం చూసి తిలకం పెట్టుకోవచ్చు. బట్లహళ్ళిలో పెండ్లిళ్ళకు ముందు పక్కిండ్లోళ్ళు గంగాళాలు తెచ్చి ఈయమ్మ ముందర పెట్టిపోయేవాళ్ళు.

ల్యాబు గదిలోకీ పోయింది. మిషను మూత తీసింది. గిన్నెలు ఎత్తితే చేతిలోకి వచ్చేసినాయి. దీపాల కుందులతో పాటు వాటినీ చింతపండు నీళ్ళలో నానబెట్టింది. తెల్లారి తోమి, కడిగి, తడి తడిగానే పెట్టేసింది. మిషనుకు మూడు విభూతి పట్టెలు, మూత నడుమ రూపాయంత కుంకుమ బొట్టు. వాకిట్లో బూడిద గుమ్మడికాయ పగలగొట్టింది కొడుకే. నేను హారతి కళ్ళకద్దుకున్నా. బాగుండింది పూజ. బాగలేదని నేనెట్లా చెప్పేది?

కోడలు తిరిగొచ్చి మూత తీసి నిలబడిపోయింది. గిన్నెలు వెండి మాదిరి మెరుస్తాండాయి.

"అత్తా, వీటిని దేంతో కడిగినావు?"

"దేంతో కడుగుతారమ్మా? చింతపండుతో. ఎన్నేండ్ల మురికో, నీళ్ళు నల్లగా దిగినాయి."

"రాత్రంతా నానబెట్టినావా?"

"నానకపోతే ఎట్లా వదులుతుంది?"

కోడలు ఒక గిన్నె తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ మూసిన నోరు చూసే నాకు మొదటి సారి భయం పట్టింది. కోడలు అరిచే మనిషి. అరవలేదంటే అరిచి లాభం లేని పని జరిగిందని అర్థం.

సాయంత్రం నాతో చెప్పింది. "ఇది ఇత్తడి కాదు మామా, అల్యూమినియం. పులుపు, ఉప్పు దీన్ని తింటాయి. పైన తింటే కనపడుతుంది. లోపలికి తింటే కనపడదు. ఈ గిన్నె ఇప్పుడు నీ చేతిలో జామకాయంత బరువు. తిరిగేటప్పుడు, ఆ చక్రానికి ఒక మనిషి వేలాడినంత బరువు. ఇదిగో, ఈ చెవి దగ్గర పట్టు తప్పిందంటే..." అని గిన్నె చెవిని వేలితో చూపించింది.

"తప్పితే?"

"తప్పితే దాని ఎదురుగా ఎవరుంటే వాళ్ళది."

ఎదురుగా రోజూ ఉండేది ఎవరు? అదే నాకు పట్టుకుంది. ఆ దినం నుంచి నేను అరుగు మీద కూర్చుని పేర్లు రాస్తాన్నా, చెవి మాత్రం ఆ మూలనే.

కొన్నాళ్ళకు చుక్కలు వచ్చినాయి. టమోటా ఆకుకు మచ్చ తెగులు ఎట్లా వస్తుందో చూసినారా? మొదట ఆవగింజంత. తోటలో ఒక ఆకు మీద కనపడితే, పది ఆకుల కింద ఉన్నట్టు. గిన్నెల మీద అట్లాంటి నల్ల చుక్కలు. కోడలు భూతద్దం పెట్టి రోజూ చూసేది. నేనూ చూసినా. ఎక్కువగా చెవుల దగ్గర.

గిన్నెలు మార్చేస్తే పోతుంది గదా అంటారు. కొడుకు బెంగళూరికి ఫోన్ల మీద ఫోన్లు చేసినాడు. ఆ రకం మిషను ఇప్పుడు చెయ్యడం లేదన్నారు. దానికి సరిపోయే గిన్నెలు యాడా లేవన్నారు. కొత్త మిషనే చెప్పినాము. డీలరు నెలలు తిప్పించి, చివరకు, "ఉగాది పోనీ సార్, ఖాయంగా పంపిస్తా," అన్నాడు. రెండు చెడిన గిన్నెలు తీసేసి మంచివి రెండే పెట్టి తిప్పకూడదా అని అడిగినా. కూడదంట. నాలుగూ వేలాడాల్సిందే. అంటే నాలుగింట్లో ఏది చెడ్డదో దానిమీదే మన ప్రాణం.

ఆపెయ్యి అన్నా. మొహం మీదే అన్నా.

"జ్వరాల కాలం మామా. ఒక్కొక్క దినం ఎంత మంది వస్తాండారో నువ్వే రాస్తాండావు గదా. వాళ్ళను యాడికి పొమ్మందాం? సగం వేగంలో తిప్పుతా. ఒక్కో గిన్నెలో ఒక్క ట్యూబే పెడతా. ఇంకెవ్వరూ లోపలికి రావద్దు."

మిషను చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీత గీసింది. తిరిగేటప్పుడు ఎవరూ దాటకూడదని. మా ఆయమ్మ పొద్దున ఇల్లు తుడిచేటప్పుడు ఆ గీతనూ తుడిచేసేది. కోడలు మళ్ళీ గీసేది. నాలుగు దినాలు ఇదే ఆట. అయిదో దినం ఆ గీతకు రెండు పక్కలా ముగ్గు చుక్కలు పెట్టి ఉండినాయి.

"ఇదేందత్తా?"

"ఊరికే గీత గీస్తే చావు ఇంట్లో గీసినట్టు ఉండాది. అందుకే."

కోడలు నవ్వింది. కానీ ఆయమ్మ నవ్వలేదు. చావు అనే మాట ఆయమ్మ నోట్లోంచి వచ్చిందని నాకొక్కడికే వినపడినట్టుంది.

ఒక దినం భోజనాల దగ్గర నేనే అన్నా, "నీ తోమడం మన కోడల్ని తింటుంది చూడు," అని. కొడుకు కంచంలో నుంచి తల ఎత్తినాడు. "నాయనా, కొంచెం నోరు తగ్గించు." ఆయమ్మ నాకు అన్నం వడ్డించి, తను తినకుండా లేచిపోయింది.

నిజానికి ఆయమ్మకు కోడలంటే ప్రాణం. కొడుకు కన్నా ఎక్కువ. ఆ పిల్ల చేతికి సూది పట్టుకునే నేర్పు ఉండాదని, ఎండిపోయిన ముసలోళ్ళ చేతుల్లో కూడా ఒక్క పోటుకే నరం దొరికిచ్చుకుంటుందని, వీధిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ చేతికే ఎసరు వచ్చింది. అది కూడా తన చేతి మీదుగా. చుక్కలు, చుక్కలు అని అందరం అంటాంటే, ఆయమ్మ మనసులో ఏమి తిరిగిందో ఇప్పుడు చెప్పగలను. ఇత్తడి చెంబు మీద నల్ల చుక్క వస్తే ఏమి చేస్తారు? పులుపు చాలలేదని అర్థం. ఇంకొకసారి బాగా తోమాల.

ఆ శుక్రవారానికి ముందు దినం, గురువారం మధ్యాహ్నం కోడలు కెంచార్లహళ్ళికి పోయింది. అక్కడ మంచాన పడిన ఒకాయన నెత్తురు తీసుకు రావాల. నేను వంటింట్లో నీళ్ళకు పోతే, గట్టు మీద గిన్నె నిండా చింతపండు నానుతాండాది. సాయంత్రానికి పులుసు చేస్తుందనుకున్నా. సాయంత్రం అన్నంలోకి పప్పు వచ్చింది. పులుసు రాలేదు. ఆకలి మీద ఉండి నేను అడగలేదు.

శుక్రవారం పొద్దున నలుగురు వచ్చినారు. కెంచార్లహళ్ళి ముసలాయన, కొడుకు భుజం పట్టుకుని. మంచాన పడినాయన ఈయనే. తెచ్చిన నెత్తురు చాలలేదు, మళ్ళీ తియ్యాల. ఆయన్ను ఆ దినమే పదిన్నర బస్సుకు బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోవాల, రిపోర్టు చేతిలో ఉండాల. బట్లహళ్ళి నుంచి నెలలు నిండిన ఒక ఆడమనిషి. ఇక్కడి శాలెలో పాఠాలు చెప్పే మేష్టరు. నాలుగోవాడు లారీ డ్రైవరు. మార్కెట్లో టమోటా ఎత్తడానికి వచ్చినాడు, జ్వరంతో కళ్ళు నిప్పులుగా ఉండినాయి.

"ఏమప్పా పెద్దాయనా, నా పేరు నాలుగు అక్షరాలే. ఇంత సేపు చెక్కుతాండావు, రాయి మీద శాసనమా?" అన్నాడు ఆ డ్రైవరు.

"నీ పేరు రాసేది నీకోసం కాదు. నీ నెత్తురు ఇంకొకడిది కాకుండా ఉండేదానికి," అన్నా.

"ఇంకొకడిదైతే మంచిదే. వాడి నెత్తురు బాగుంటే అదే నాకు ఇప్పించు!" అని నవ్వి, నెత్తురు ఇచ్చి, ఫోన్ నంబరు చెప్పి, లోడు అయినాక వచ్చి రిపోర్టు తీసుకుంటానని పోయినాడు.

కోడలు నాలుగు ట్యూబులూ తీసుకుంది. మిషను మూత తీసి, రోజూ లాగే ఒక గిన్నె వెలుతురుకు పట్టింది. తర్వాత రెండోది. మూడోది. భూతద్దం తీసుకుని మళ్ళీ మొదటిది. చుక్కలు లేవు. నాలుగు గిన్నెలూ పెండ్లికూతురి మెట్టెల మాదిరి మెరుస్తాండాయి.

కొడుకు తలుపు దగ్గర నిలబడి ఉండినాడు. "చూసినావా! మురికే అది. ఊరికే ఇన్ని దినాలు భయపెట్టినావు."

"మురికి కాదు. అది గుంత. గుంతను ఎవరైనా తుడిచేస్తారా?" కోడలు వంటింటి దిక్కు తిరిగింది. "అత్తా!"

ఆయమ్మ వంటింటి గడప మీద నిలబడి ఉండింది. చేతులు కొంగులో చుట్టుకుని. "పోయినాయి గదమ్మా చుక్కలు. మూడు సార్లు పులుపు మార్చి తోమినా. ఒక్కటి మిగల్లేదు చూడు."

కోడలు స్టూలు మీద కూర్చుండిపోయింది. చేతి తొడుగులు తీసేసింది. "ఈ పొద్దు ఇది తిరగదు. ఇంక ఎప్పుడూ తిరగదు. ట్యూబులు అట్లే నిలబెడతా. నిదానంగా అదే తేరుకుంటుంది, ఎంత సేపైనా కానీ. పెద్దాయనకు వేరే ల్యాబులో మాట్లాడతా." ఫోన్ తీసుకుని, సిగ్నలు కోసం వాకిట్లోకి, నా అరుగు దగ్గరికి వచ్చింది.

లోపల తల్లీ కొడుకూ మిగిలినారు.

నేను అరుగు మీద ఉండి విన్నది ఇంతే. కొడుకు అన్నాడు, "ముసలాయన బస్సు పోతుందమ్మా. ఒక్క సారి, మెల్లగా తిప్పితే ఏమీ కాదు." ఆయమ్మ అనింది, "తిప్పు. నేను నిలబడతా. ఆ పిల్ల మాదిరే చెయ్యి పెట్టి చూస్తా. నేను తోమిన గిన్నె ఎవరినైనా తినేది ఉంటే, ముందు నన్ను తినాల."

నేను తల తిప్పి చూసేటప్పటికి కొడుకు నాలుగు ట్యూబులూ గిన్నెల్లో దించి, మూత వేసి, స్విచ్చు దగ్గరికి పోయినాడు, ఆయమ్మ ఆ గీత దాటేసింది. ముగ్గు చుక్కలు తొక్కుకుంటా.

"ఏమే! బయటికి రావే!" అని అరిచినా. కోడలు ఫోన్ చెవి మీద నుంచి తీసి వెనక్కి చూసింది. అప్పుడే బాగేపల్లి బస్సు హారన్ కొట్టుకుంటా పోయింది. నా అరుపు దాంట్లో కలిసిపోయింది.

మిషను మొదట ఎప్పటిలాగే గుయ్ మనింది. తేనెటీగలు పట్టు నుంచి లేచేటప్పుడు వచ్చే సద్దు మాదిరి. అది ఎక్కుతూ ఎక్కుతూ పోయి, నడుమ ఒక చిన్న టక్కు. పళ్ళ కింద రాయి పడినట్టు. అంత చిన్న సద్దు. దాని వెనకాలే ఇల్లు అదిరింది.

నేను పోయే లోపల కోడలు పోయింది. మిషను బల్ల దిగి నేల మీద పడి, ఇంకా పొర్లాడుతాండాది. మూత ఒక ముక్క కిటికీ దగ్గర, ఇంకో ముక్క గోడ వారన. విరిగింది సరిగ్గా కుంకుమ బొట్టు నడుమ నుంచి. గోడ మీద తాంబూలం ఉమ్మినట్టు నెత్తురు చిందింది. గదిలో మంచు మాదిరి ఏదో సన్నగా తేలుతాండాది. కొడుకు గోడకు అతుక్కుని నిలబడినాడు, వాడికి ఒక గీరు కూడా లేదు. ఆయమ్మ నేల మీద కూర్చుని తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని చూసుకుంటాంది, ఎవరిదో చెయ్యి చూసినట్టు. మణికట్టు పక్కకు తిరిగిపోయి ఉండాది. చెయ్యి నిండా ట్యూబుల పెంకులు గుచ్చుకున్నాయి.

"అందరూ బయటికి! ప్లగ్గు పీకు! ఏదీ ముట్టుకోవద్దు! గాలి పీల్చొద్దు, బయటికి!" కోడలు నా కొడుకును మెడ పట్టి తోసింది. అత్తను ఎత్తి పట్టుకుని పెరట్లో కొళాయి కింద కూర్చోబెట్టింది. నీళ్ళు వదిలి, వదిలి, ఆగకుండా వదిలింది. ఆయమ్మ గాయం పిండబోతే, "పిండొద్దు అత్తా, నీళ్ళే పోనీ," అని అరిచింది. అప్పుడు చూసినా కోడలి ముఖం. విరిగిన చేతి కోసం కాదు ఆ భయం. విరిగిన చెయ్యి అతుక్కుంటుంది. నలుగురి నెత్తురు ఆ పెంకులతో పాటు మా ఆయమ్మ ఒంట్లోకి పోయింది. ఆ నలుగురిలో ఎవరికి ఏమి ఉండాదో ఎవరికి తెలుసు? తెలుసుకునే దానికే గదా వాళ్ళు మా దగ్గరికి వచ్చింది.

ఆటోలో తాలూకా ఆస్పత్రికి పోతాంటే, ఆయమ్మ నా చెవిలో అడిగింది, "నిజం చెప్పు. చింతపండేనా?"

"చింతపండే," అన్నా.

వేరే మగోడు అయితే కాదు అనేవాడు. నేను అట్లా అనలేదు. ఆయమ్మ ఎడమ చేత్తో కొంగు లాక్కుని విరిగిన చేతి మీద కప్పుకుంది. తర్వాత, "అయితే ఆ పిల్ల చెయ్యి బాగుండాది గదా," అనింది.

చేతికి కట్టు కట్టినారు. ఆ నెత్తురుతో రోగమేదీ అంటకుండా నెల దినాల మాత్రలు ఇచ్చినారు, అవి మింగితే ఆయమ్మకు పొద్దుగూకులూ వాంతులు. మొదటి పరీక్షలో ఏమీ లేదన్నారు. అది నమ్మకూడదంట. కొన్ని రోగాలు ఒంట్లో కుదురుకునేదాకా కనపడవు. ఇంకా కొన్ని నెలలు ఆగి మళ్ళీ చూడాల. చుక్క బయటికి రావాలంటే లోపల తినడం అయిపోయి ఉండాల, గిన్నెకైనా అంతే, మనిషికైనా అంతే.

ఆ నలుగురి నెత్తురు పరీక్ష చేస్తే సగం భయం తీరుతుందని డాక్టరమ్మ చెప్పింది. కోడలు ముగ్గురి ఇండ్లకూ పోయి, జరిగింది దాచకుండా చెప్పి అడిగింది. మేష్టరు అదే సాయంత్రం వచ్చి చెయ్యి చాపినాడు. బట్లహళ్ళి ఆడమనిషి కానుపు అయినాక ఆస్పత్రిలోనే ఇచ్చింది. కెంచార్లహళ్ళి ముసలాయనకు బెంగళూరులో అన్నీ చూసినారు, ఆ కాగితం ఫొటో తీసి పంపించినాడు ఆయన కొడుకు. ముగ్గురిదీ శుభ్రమే.

నాలుగోవాడు ఆ లారీ డ్రైవరు. రిపోర్టు కోసం రాలేదు. నేను రాసిన నంబరుకు ఫోన్ చేస్తే, ఒక దినం మోగింది, ఎత్తలేదు. తర్వాత స్విచాఫ్. కొడుకు మార్కెట్లో ప్రతి లారీ దగ్గరికీ పోయి అడుగుతాండాడు. వాడు అడిగే తీరు చూస్తే తప్పిపోయిన బిడ్డను వెతికే తండ్రి మాదిరి ఉండాది. ఎర్ర కళ్ళు, నవ్వుతా మాట్లాడే మనిషి, అంటాడు. అందరు డ్రైవర్లకూ ఎర్ర కళ్ళే.

మిగిలిన మూడు గిన్నెలు పాత ఇనుము వానికి వేస్తానన్నాడు కొడుకు. వద్దన్నా. వాడు అమ్ముతాడు, ఇంకొకడు కొంటాడు, ఇంకొక కోడలు చెయ్యి పెట్టి నిలబడుతుంది. ఈ గిన్నెలు మాకు వచ్చే ముందు చిక్కబళ్ళాపురంలో ఎవరు దేంతో కడిగినారో మాకు మాత్రం తెలుసా? పెరట్లో రాయి మీద పెట్టి సమ్మెటతో కొట్టినా. రెండు వంగి చప్పిడిగా అయినాయి. మూడోది, అన్నిటికన్నా చుక్కలు తక్కువ ఉండిందే, ఒక్క దెబ్బకు బిస్కత్తు మాదిరి విరిగింది. కోడలు ఆ ముక్కలు చూసి లోపలికి పోయింది.

కొత్త మిషను ఉగాది అయినాక వచ్చింది. తిరుగుతాండగా దాని మూత తెరుచుకోదు, చెయ్యి పెట్టాల్సిన పని లేదు. అయినా ఆ చుట్టూ గీత ఉండాది. ఇప్పుడు గీసేది మా ఆయమ్మే, వంకర పోయిన చేత్తో. గీత గీసి, ఆ గదిలోకి మాత్రం అడుగు పెట్టదు. తన కంచం, లోటా వేరే పెట్టుకుంది. "అట్లా అంటుకోదత్తా," అని కోడలు రోజూ వాటిని తీసి మా కంచాల్లో కలిపేస్తుంది. ఆయమ్మ రోజూ వేరే తీస్తుంది. పోయినసారి గీత ఆటకు నవ్వినాము. ఈ ఆటకు ఎవరమూ నవ్వం.

కడపటి పరీక్ష ఇంకా కాలేదు. అరుగు మీద కూర్చుని పేర్లు రాస్తాండా. లారీ ఏదైనా వాకిట్లో నిదానించిందంటే పెన్ను ఆగిపోతుంది.

ఆ శుక్రవారం ఆడ ఉన్నోళ్ళం: నేను, అరుగు మీద. నా కోడలు, వాకిట్లో ఫోన్ పట్టుకుని. నా కొడుకు, స్విచ్చు దగ్గర. నా పెండ్లాం, మూత మీద చెయ్యి పెట్టుకుని. అరుగు పక్క బెంచీ మీద కెంచార్లహళ్ళి ముసలాయన, పక్కన ఆయన కొడుకు. వాళ్ళ ఎదురుగా బట్లహళ్ళి ఆడమనిషి, కడుపులో బిడ్డ. నెత్తురు ఇచ్చి వచ్చి బూట్లు వేసుకుంటా మేష్టరు. ఇంకొకడు, తను లేకుండా నెత్తురు మాత్రం ఉండినోడు, ఆ లారీ డ్రైవరు.